రెండడుగులు వెనక్కి

రాయ్‌పూర్ శివారు టాటీబంధ్‌లో లారీ ఆఫీసు నాది. నాది అంటే నేను పనిచేసేది. నా బల్ల ముందు కొత్తగా వచ్చి కూర్చున్న డ్రైవరు ఎవడైనా ముందు నా ఎడమ చెవినే చూస్తాడు. అది ఎండిన పుట్టగొడుగులా ముడుచుకుపోయి ఉంటుంది. మట్టిలో కుస్తీ పట్టినవాళ్ల చెవులు రాసుకుని రాసుకుని అలా అవుతాయని తెలిసినవాడైతే వెంటనే 'పహిల్వాన్‌జీ' అంటాడు. నేను తలెత్తకుండా బిల్టీ, అంటే సరుకు రసీదు, రాసిచ్చి పంపించేస్తాను. ఏళ్ల తరబడి చేసిన సాధనలో నాకు మిగిలింది ఈ చెవి ఒక్కటే. మా నాన్నకి అదీ మిగల్లేదు.

నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వేలో చేరి రాయ్‌పూర్ వచ్చాడు. సిగ్నల్ కేబిన్‌లో పట్టాలు మార్చే లీవర్లు లాగే పని. ఒక్కో లీవరూ గుండెల ఎత్తు ఉండేది. కాలు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగితే, అక్కడెక్కడో దూరంగా పట్టాలు కలిసేవి. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకున్నవి ఒక రేకుపెట్టె, తాత ఇచ్చిన వెదురు కర్ర. ఆ కర్ర పట్టుకుని ఆదివారం పూట రైల్వే కాలనీలోని తెలుగు పిల్లలకి కర్రసాము నేర్పేవాడు. చుట్టుపక్కల హిందీవాళ్లు నిలబడి చూసి, ఇదేదో మద్రాసీల డాన్సు అనుకుని వెళ్లిపోయేవారు.

ఆయన మాకు మొదట నేర్పింది కొట్టడం కాదు, ఆగడం. ఎదుటివాడి చేతిలోంచి కర్ర జారినా, వాడు కాలు తడబడి కింద పడినా, మనం రెండడుగులు వెనక్కి వెయ్యాలి. కర్ర కొస నేలకి ఆనించి, వాడు తనంతట తాను లేచేదాకా కదలకుండా నిలబడాలి. చెయ్యి కూడా అందివ్వకూడదు, అది వాణ్ని చిన్నబుచ్చడం అవుతుంది. వాళ్ల ఊళ్లో తాతల నాటి నుంచీ అదే పద్ధతట. నాకు ఎనిమిదేళ్లప్పుడు, పక్క క్వార్టర్ కుర్రాడు పడిపోగానే ఉత్సాహం ఆపుకోలేక వాడి వీపు మీద ఒకటి తగిలించాను. నాన్న నా కర్ర లాక్కుని అటకెక్కించాడు. ఆ ఎండాకాలం సెలవులన్నీ ఉత్త చేతులతో వెనక్కి అడుగులు వేయించాడు. పొద్దున వంద, సాయంత్రం వంద. చివరికి నిద్రలో కూడా కాళ్లు వెనక్కి తన్నేవాణ్నని అమ్మ నవ్వేది.

చదువు నాకు అబ్బలేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పాను. నాన్న రిటైర్ కావడానికి ఐదారేళ్లే ఉంది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊళ్లో మాకు ఇల్లూ లేదు, జానెడు నేలా లేదు. ఈలోగా నాకు రైల్వేలో ఏ చిన్న పని దొరికినా అదే క్వార్టర్ నా పేర రాయించుకోవచ్చు. మెట్రిక్ లేనివాడికి ఉన్న దారి ఆటల కోటా ఒక్కటే. కర్రసాముకి కోటా లేదు. కుస్తీకి ఉంది. అంతే, మర్నాడు నాన్న నన్ను గుఢియారీలో కుస్తీ నేర్పే అఖాడాకి తీసుకెళ్లి, టెంకాయ, బెల్లం అక్కడి గురువు ఉస్తాద్ కాళ్ల దగ్గర పెట్టించాడు.

అక్కడ నేనొక్కణ్నే తెలుగువాణ్ని. అందరికీ నేను 'మద్రాసీ'నే, నా పేరు ఎవరూ అడగలేదు. తెల్లవారకముందే వెళ్లి మట్టి తవ్వేవాణ్ని. ఆ మట్టిలో పసుపూ, ఆవనూనే, మజ్జిగా కలిపి పారలతో తిరగేసేవాళ్లం. ఆ వాసన ఒంటికి పట్టేసి ఎన్ని నీళ్లు పోసుకున్నా పోయేది కాదు. మనిషిని భుజం మీంచి ఎత్తి, చాకలి బట్టని బండకేసి కొట్టినట్టు విసిరే పట్టు నాకు బాగా కుదిరింది. నాగపంచమి పోటీల్లో వరసగా రెండేళ్లు గెలిచాను కూడా. ఆ పోటీల్లో ఎదుటివాడు వెల్లకిలా పడితే చాలు, గెలిచినట్టే. అందుకే నా రోగం బయటపడలేదు. వాడు పడటం, నేను రెండడుగులు వెనక్కి వెయ్యడం, జనం అది చూసి మర్యాదస్తుడని చప్పట్లు కొట్టడం.

ఉస్తాద్ ఒక్కడే చప్పట్లు కొట్టేవాడు కాదు. రైల్వే సెలెక్షన్ దీనిలా ఉండదని నాకు పదే పదే చెప్పేవాడు. అక్కడ పడగొట్టినంత మాత్రాన సరిపోదు, మీద పడి వాడి రెండు భుజాలూ కింద పరిచిన పరుపుకి అదిమిపట్టాలి, రెఫరీ ఈల ఊదేదాకా వదలకూడదు. నేను సరేననేవాణ్ని. నిజంగానే సరే అనుకునేవాణ్ని. కాళ్లకి ఎవరు చెప్తారు?

సెలెక్షన్ రోజు నాన్న సెలవు పెట్టి ఖాకీ బట్టల్లోనే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఉన్నది ఒకటే ఖాళీ. చివరికి మిగిలింది ఇద్దరం, నేనూ, భిలాయ్ వైపు నుంచి వచ్చిన ఒక బక్కవాడూ. ఈల ఊదిన కాసేపటికే వాణ్ని భుజం మీంచి తీసి పడేశాను. వాడు వెల్లకిలా పడ్డాడు. ఊపిరి ఆగి, కళ్లు తేలేశాడు. ఒక పసివాడు మీద కూర్చున్నా గెలిచేసేవాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి కిందికి దించి నిలబడ్డాను. చేతిలో కర్ర లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఈలోపు వాడు పక్కకి దొర్లి నా రెండు కాళ్లూ లాగేశాడు. నా భుజాలు పరుపుకి ఆనాయి. ఈల వినపడింది.

నాన్న ఇంటి దగ్గర సైకిల్ స్టాండు వేస్తూ, వచ్చే ఏడు ఇంకొకటి ఉంది, నీకు వయసు కూడా సరిపోతుంది అన్నాడు. ఆ తర్వాత ఇంక ఉండదని ఇద్దరికీ తెలుసు.

మర్నాటి నుంచి ఆయనే నా ఉస్తాద్ అయ్యాడు. డ్యూటీ దిగి రాగానే పెరట్లో మునగచెట్టు కింద గోనెసంచులు పరిచేవాడు. నేను ఆయన్ని మెల్లగా పడగొట్టాలి, వెంటనే మీద పడి భుజాలు అదమాలి. పడగొట్టేవాణ్ని. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, గోనె మీద వెల్లకిలా పడి నా కోసం చూసేవాడు. నా కాళ్లు వెనక్కి వెళ్లిపోయేవి. మళ్లీ లేచేవాడు, మళ్లీ పడేవాడు. తను ఒక ఎండాకాలంలో నాకు ఎక్కించినదాన్ని ఏడాది పాటు రోజూ ఊడబెరకాలని చూశాడు. మేము పెరట్లోకి వెళ్లగానే అమ్మ వంటింటి తలుపు వేసేసుకునేది, చూడలేక. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. తండ్రి మీద పడలేకపోతున్నందుకా, పడాల్సి వస్తున్నందుకా, ఏమో చెప్పలేను.

రెండో సెలెక్షన్ వారం ఉందనగా ఆయన ఓపిక చచ్చిపోయింది. గోనె మీంచి లేస్తూ, "నువ్వు మొగోడివేట్రా? నీ వల్ల మీ యమ్మ ముసిల్దై రోడ్డు మీద కూకోవాల" అన్నాడు. నా జీవితంలో ఆయన నన్ను అలా అనడం అదే మొదలు. నాకు ఒళ్లు తెలియలేదు. ఆయన్ని భుజం మీదికి ఎత్తి, భిలాయ్ వాణ్ని విసిరినట్టే విసిరి, నా బరువంతా వేసి మీద పడ్డాను. రెండు భుజాలూ నేలకి అదిమాను. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నా కింద ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. పళ్ల బిగువున, "ఆఁ, ఇదీ పట్టు. ఇలాగే పట్టాల" అన్నాడు. అప్పుడు చూశాను, కుడి చెయ్యి ఉండాల్సిన చోట లేదు.

వారం తర్వాత చేతికి కట్టు కట్టించుకుని, మెడ నుంచి వేలాడేసుకుని సెలెక్షన్‌కి వచ్చాడు. అదే ముందు వరస. నేను మళ్లీ ఎదుటివాణ్ని పడగొట్టాను. ఈసారి కాళ్లు వెనక్కి వెళ్లలేదు. చేతులు వాడి భుజాల మీద పడ్డాయి, భుజపుటెముక అరచేతికి తగిలింది. అంతే, పెరట్లో చప్పుడు మళ్లీ వినపడింది. నా చేతులు అవే ఊడొచ్చేశాయి. రెండడుగులు వెనక్కి. ఆ ఉద్యోగం కూడా ఎవరికో వెళ్లింది. ఉస్తాద్ నన్ను తిట్టలేదు, ఇంక అఖాడాకి రానక్కర్లేదని మాత్రం చెప్పాడు.

నాన్న చెయ్యి అతుక్కుంది గాని భుజం దాటి పైకి లేవలేదు. లీవరు లాగలేని మనిషి కేబిన్‌లో ఎందుకు? డాక్టర్లు ఆయన మెడికల్ కేటగిరీ తగ్గించి, తేలిక పనికే పనికొస్తాడని రాశారు. ఆఫీసులో కుండల్లో నీళ్లు నింపే పని ఇచ్చారు. దెబ్బ ఎలా తగిలిందంటే మెట్ల మీద జారానని రాయించాడు. అప్పుడే రైల్వే యూనియన్ మనిషొకాయన మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, మంచి మనసుతోనే ఒక మాటన్నాడు. ఏ పనికీ పనికిరాడని డాక్టర్లు రాసి ఉంటే ఉద్యోగం కొడుక్కి వచ్చేదట. ఇంత దాకా వచ్చి కొద్దిలో తప్పిపోయిందని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

ఆ తర్వాత జరిగినవి జరగాల్సినట్టే జరిగాయి. నాన్న రిటైరయ్యాడు, క్వార్టర్ పోయింది, గుఢియారీలో పట్టాల పక్కన ఒక గది అద్దెకి తీసుకున్నాం. నేను టాటీబంధ్‌లో మొదట మూటలు మోసి, తర్వాత బిల్టీలు రాయడానికి కుదురుకున్నాను. అమ్మ ఆ గదిలోనే పోయింది, ఆ మరుసటేడు నాన్నా పోయాడు. ఉన్నన్నాళ్లూ ఆయనకి పొద్దున్నే నేనే చొక్కా తొడిగేవాణ్ని, ముందు కుడి చెయ్యి. వీటిలో చెప్పుకోడానికి ఏమీ లేదు. ఎవరికీ చెప్పనిది ఒక్క సాయంత్రమే ఉంది. అది యూనియన్ ఆయన వచ్చి వెళ్లిన మర్నాటిది.

నాన్న ఆఫీసు నుంచి వచ్చి, ఒంటి చేత్తో గోనెసంచులు ఈడ్చుకొచ్చి మునగచెట్టు కింద పరిచాడు. రేపు అమ్మ వడియాలు పెట్టుకోడానికేమో అనుకున్నాను. ఆయన చొక్కా విప్పి కొమ్మకి తగిలించాడు. ఎవరూ పడెయ్యకుండానే తనే వెల్లకిలా పడుకున్నాడు. "రా. ఇంకోపాలి పట్టు. ఈపాలి ఆ సెయ్యే పట్టు" అన్నాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ విరిగిన చెయ్యి పూర్తిగా పోతే డాక్టర్లు ఏ పనికీ పనికిరాడని రాస్తారని అర్థమయ్యాక అమ్మ వైపు చూశాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వద్దంటుందని చూశాను. అమ్మ రోజూ లాగే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

నేను గోనె దాకా వెళ్లాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. పళ్లు బిగించాడు. పక్క క్వార్టర్లో ఎవరో పంపు కొడుతున్నారు. నా కాళ్లు వెనక్కి అడుగులు వేశాయి, ఒకటి, రెండు. అది నా మంచితనమో, పిరికితనమో, ఎనిమిదేళ్ల వయసులో పడిన అలవాటో ఈరోజుకీ నాకు తెలీదు. నాన్న కళ్లు తెరిచి చాలాసేపు నన్నే చూశాడు. "నానే కదరా నేర్పినాను" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, మెచ్చుకున్నట్టూ అనలేదు. తర్వాత ఎడమ చెయ్యి ఆనించుకుని, పక్కకి తిరిగి, మోకాలి మీదికి వచ్చి, లేవబోయి కూలబడి, మళ్లీ లేవబోయాడు. నేను చెయ్యి అందివ్వలేదు. ఆయన తనంతట తాను లేచేదాకా కదలకుండా నిలబడ్డాను.