వంటింటి మూల చెనక్కాయల కుండ

తిరుపతి నుంచి కాణిపాకం పోయివచ్చే దారి చెప్పమని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. దర్శనం సంగతి రాసేవాళ్లు వందమంది ఉన్నారు, వాళ్లను అడగండి. నేను చెప్పబోయేది అదే దారిలో ఇంకొంచెం ముందుకు, ఐరాల దాటి మూడు మైళ్లు పోయిన సంగతి. ఎనభైల మొదట్లో మాట. నాకప్పటికి నలభై దాటలేదు. తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఆ వేసవిలో డెన్మార్క్ నుంచి ఇంగ్రిడ్ అనే ముప్పై ఏళ్ల పరిశోధకురాలు వచ్చింది. మా చెనక్కాయకు, అదే వేరుశనగకు, పట్టే ఒక రకం బూజు మీద ఆమె పని. ఆ బూజు గింజలో విషం పుట్టిస్తుంది, ఏళ్ల తరబడి తింటే కాలేయం చెడుతుంది, చిన్నపిల్లలకు మరీ ప్రమాదం. వాళ్ల దేశంలో చెనక్కాయ పండదు. పండని దేశంలో పుట్టి పండే దేశం వాళ్ల కాలేయం గురించి బెంగపడడం విడ్డూరమే. కానీ పండించే మాకు ఆ బెంగ ఏనాడూ కలగలేదు గనక ఎగతాళి చేసే హక్కు నాకు లేదు.

ఊళ్లలో ఆమె మాట వీళ్లకూ, వీళ్ల మాట ఆమెకూ చెప్పడానికి మా ప్రిన్సిపాల్ నన్ను అప్పగించింది. నాకు ఇంగ్లీషు వచ్చు, పుత్తూరులో పుట్టాను కాబట్టి ఇక్కడి యాస వచ్చు, సెలవుల్లో ఇంట్లో పనేమీ ఉండదు అని ఆమె అనుకుంది. మొదటి రెండూ నిజం. పని తీరు తేలిక. పన్నెండు ఊళ్లు, ఊరికి మూడిళ్లు. ప్రతి ఇంట్లో 'మీరు తినే కాయలు దోసెడు ఇవ్వండి' అని అడగడం, గుడ్డసంచిలో వేసి నంబరు కట్టడం. పదకొండు ఊళ్లు అయిపోయాయి. పన్నెండోది ముగించుకుని మరుసటి రోజు ఆమె మద్రాసు పోయి విమానం ఎక్కాలి.

తెల్లవారి అయిదున్నరకు తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కాం. టిక్కెట్టు ఏడు రూపాయల చిల్లర. మే నెలలో ఆ దారిన పోదలచుకుంటే మీరూ ఆ వేళకే బయలుదేరండి. చంద్రగిరి దాటేదాకా కిటికీలోంచి వచ్చేది గాలి, ఆ తర్వాత వచ్చేది సెగ. కండక్టరు ఇంగ్రిడ్‌ను చూసి నన్ను అడిగాడు.

"యాడికి పోతా ఉండారమ్మా, కాణిపాకమా?"

"కాదు నాయనా, చెనక్కాయలు చూడ్డానికి."

"చెనక్కాయలు సూసేదానికి సీమదేశం నుంచి వచ్చిందా ఆయమ్మ! మా ఇంటికి రమ్మంటే మూటకు మూట సూపిస్తును గదా."

బస్సంతా నవ్వింది. ఎందుకు నవ్వారో చెప్పాక ఇంగ్రిడ్ కూడా నవ్వింది. ఆ తర్వాత, "నాకొకటి అర్థం కావడం లేదు. నూనె మిల్లుల దగ్గర తీసుకున్న, నూనె తీయగా మిగిలిన చెక్కలో బూజు బాగా ఉంది. ఇళ్లలో తీసుకున్న కాయల్లో ఒక్క మచ్చ కూడా కనిపించలేదు. ఒకే నేల, ఒకే పంట. ఎలా?" అంది.

"మా ఆడవాళ్లు శుభ్రంగా ఉంటారు" అన్నాను గొప్పగా. ఆ గొప్ప ఆ రోజు మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఎనిమిదింటికి చిత్తూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిదింటికి ఐరాల బస్సు పట్టుకున్నాం. కాణిపాకంలో బస్సు సగం ఖాళీ అయింది. దేవుడికి బస్సులోంచే దండం పెట్టాను. ఐరాలలో దిగితే ఆ ఊరికి జట్కా తప్ప వేరే గతి లేదు. మునస్వామి అనే జట్కా ఆయన అయిదు రూపాయలడిగాడు. బేరమాడబోయాను గానీ గుర్రం నావైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

"ఏమి తీసకపోతారమ్మా ఈడి నుంచి?" అన్నాడు మునస్వామి.

"ఇళ్లలో తినే చెనక్కాయలు."

"అట్లయితే రాజమ్మత్త ఇంటికి పోండి. ఆయమ్మ చేతి నుంచి చెడింది బయటికి రాదు. వచ్చినోళ్లకి మంచిదే ఇస్తాది."

మొత్తం సంగతి ఆ మాటలోనే ఉంది. నేను బాగా చదువుకున్నదాన్ని కాబట్టి పట్టుకోలేకపోయాను.

రాజమ్మకు అరవై ఉంటాయి. భర్త పోయాక అయిదెకరాల మెట్ట తానే చేయిస్తోంది. కొడుకు మదనపల్లె సంతకు పోయాడు, కోడలు ధనమ్మ ఇంట్లో ఉంది. నాలుగేళ్ల మనవరాలు వసంత అందరి కాళ్లకూ అడ్డం పడుతోంది. తొలివానకు విత్తేందుకు వసారాలో అయిదారుగురు ఆడవాళ్లు కాయలు వలుస్తున్నారు. రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే టప్ మని పగలాలి, లోపలి విత్తుకు దెబ్బ తగలకూడదు. పొట్టు ఒక పక్క కుప్ప పడుతోంది. అదే ఆ ఊరి వంటచెరకు. ఇంగ్రిడ్ తినేవాటి గురించే కాదు, మండించేవాటి గురించి కూడా పుస్తకంలో రాసుకునేది. పొయ్యి దగ్గర ఎంతసేపు ఊపిరి పీలుస్తారని అడిగితే, "పీల్చకుండా వండేది ఉంటే ఆయమ్మనే నేర్పించమను" అని రాజమ్మ జవాబు.

"ఎండన పడి వచ్చినారు, కూసోండి. మజ్జిగ తాగినంక మాట్లాడుకుందాం" అని చెంబు చేతికిచ్చింది. నేను అలవాటైన మాట అన్నాను, మీరు తినే కాయలు దోసెడు ఇవ్వమని. రాజమ్మ లోపలికి పోయి చేట నిండా తెచ్చింది. ఎర్రగా, నున్నగా, ఒకే సైజులో, ఏరి పెట్టిన పగడాల్లా ఉన్నాయి విత్తులు. ఇంగ్రిడ్ అద్దం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి, ఇక్కడా లేదంది. సంచికి ముప్పైనాలుగో నంబరు కట్టింది.

భోజనం చేయకుండా పోతే ఊరుకునేది లేదని రాజమ్మ తేల్చేసింది. రాగిసంగటి, ఊరుబిండి అంది. ఊరుబిండి అంటే చెనక్కాయలు, మిరపకాయలు వేయించి రోట్లో నూరే పచ్చడి. తెలియనివాళ్లకు చిత్తూరు జిల్లా ఇంకా తెలియనట్టే. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోతూ వంటింట్లో తొంగిచూశాను. ధనమ్మ రోటి ముందు కూర్చుని ఉంది. పక్కన ఒక గిన్నెలో నూరిన పచ్చడి సిద్ధంగా ఉంది. ఆమె మళ్లీ నూరుతోంది.

"ఇంకా ఎందుకమ్మా? అంత పచ్చడి మేం తింటామా?"

"ఆ గిన్నిలోది మీకక్కా. ఇది మాకు."

మూల ఉన్న కుండలో చేయి పెట్టాను. ముడుచుకుపోయినవి, విరిగినవి, నల్లబడినవి. కొన్నింటి మీద పసుపు, పచ్చ కలిసిన నూగు. ఒకటి నోట్లో వేసుకున్నాను. చేదు నాలుక మీదనుంచి చెవుల దాకా పోయింది.

"ఇవి తింటారా?"

"మేలైనయి ఇత్తనానికి, నడిమివి మిల్లుకు, మిగిలినయి మాకు. వలిచేదానికి వచ్చినోళ్లకి గూడా కూలితో పాటు ఇందులోవే తలా ఒక పడి కొలిచి ఇస్తాము. కారం ఎక్కువేస్తే సేదు తెలీదులే అక్కా."

రోటి దగ్గరే కూర్చుని లెక్క వేసుకున్నాను. పదకొండు ఊళ్లు, ముప్పైమూడు ఇళ్లు. ప్రతి ఇంట్లోనూ వచ్చినవాళ్లకు మంచివి ఏరి ఇచ్చారు. చెడ్డవి ఇస్తే పరువు పోదూ? ఇది నాకు తెలియనిదా? మా పుత్తూరింట్లో అమ్మ వచ్చినవాళ్లకు ఒక కాఫీపొడి, మాకొక కాఫీపొడి పెట్టేది. నా ఇంట్లో ఇవాళ్టికీ చుట్టాలకు వేరే గ్లాసులున్నాయి. 'మీరు తినేవి' అని అడిగితే 'మీరు తినదగినవి' ఇచ్చే మనుషుల మధ్య పుట్టి పెరిగి, పరదేశం పిల్లకు మా ఆడవాళ్ల శుభ్రం గురించి ఉపన్యాసం ఇచ్చాను.

బయటకొచ్చి ఇంగ్రిడ్‌కు చెప్పాను. ఆ సంచులు అలాగే తీసుకుపోతే, ఈ జిల్లాలో జనం తినే కాయల్లో ఏ దోషమూ లేదని ఆమె రాయాలి. రాస్తే మళ్లీ ఎవరూ వచ్చి చూడరు. ఆ కుండ అలాగే మూల ఉంటుంది.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అంది ఇంగ్రిడ్.

"ఇప్పుడే. తెలియవలసింది పదకొండు ఊళ్ల కిందట."

"ఆ కుండలోవి అడగండి."

అడిగాను. రాజమ్మ ముఖం ఎర్రబడింది. "యాడన్నా ఉండాదా ఇది? సముద్రాలు దాటి వచ్చిన బిడ్డ చేతిలో పుచ్చిన కాయలు పెట్టి పంపిస్తే, వాళ్ల దేశంలో మమ్మల్ని ఏమనుకుంటారు? నువ్వు గూడా ఈ జిల్లా దానివే, అడిగేదానికి నోరెట్ల వచ్చింది?"

నా నోటికి ఎదురు చెప్పలేనివాళ్లు చాలామంది ఉన్నారు. రాజమ్మ వాళ్లలో లేదు. వలిచే ఆడవాళ్లు కూడా చేతులాపి చూస్తున్నారు. ఇంక ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ నల్ల కాయల్లో విషముండవచ్చు, కారం వేస్తే చేదు పోతుంది గానీ విషం పోదు, ఒక్క రోజులో ఏమీ కాదు, పెద్దవాళ్ల కంటే పసిపిల్లలను ముందు పట్టుకుంటుంది అని. మీ కాయల్లో ఉందో లేదో ఈ అమ్మాయి చూస్తేగానీ తెలియదని కూడా చెప్పాను.

రాజమ్మ మనవరాలి కోసం చూసింది. గడపలో వసంత కూర్చుని ఉంది. పిడికిట్లో నాలుగు ముడుచుకున్న గింజలు. ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది. రాజమ్మ లేచి వెళ్లి దాని పిడికిలి విప్పి గింజలు తీసేసింది. పిల్ల బోరుమంది.

"దీనికి నేనే అలవాటు చేసినా. ఇత్తనాలు ముట్టుకోనీకుండా, ఏడిస్తే ఆ కుండలోవి పెడతా ఉంటిని" అంది, ఎవరితోనో తెలియకుండా.

లోపలికి పోయి కుండ తెచ్చి ఇంగ్రిడ్ ముందు దించింది. "మా పేరు రాయొద్దని చెప్పు" అంది. నంబరు తప్ప ఏదీ ఉండదని ఇంగ్రిడ్ సంచి తిప్పి చూపించింది. కుండలోంచి దోసెడు తీసుకుని, మొదటి సంచిలోని విత్తులు తిరిగి ఇవ్వబోయింది. రాజమ్మ చేయి అడ్డం పెట్టింది.

"అయి గూడా ఎత్తుకోని పోమ్మా. మా నేల్లో ఇట్లాంటివి గూడా పండుతాయని ఆడోళ్లకి తెలియాల."

ఇంగ్రిడ్ రెండో సంచి తీసి దానికీ ముప్పైనాలుగే రాసింది. తర్వాత అందరం తిన్నాం, మా గిన్నెలో పచ్చడే అందరూ. విత్తనపు కాయలతో చేసిన ఊరుబిండి పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ఇంట్లో తినలేదని ధనమ్మ అంటే, "ఈ పొద్దుకే లే, నేర్చుకోబాకు" అని అత్తగారు గసిరింది. గసురుతూనే ఇంకొంచెం వడ్డించింది.

ఆ ఊళ్లో మిగిలిన రెండిళ్లలోనూ రెండేసి సంచులు తీసుకుని, నాలుగింటికి మునస్వామి జట్కాలో ఐరాల తపాలా ఆఫీసు చేరి ఇంగ్రిడ్ టెలిగ్రాం కొట్టింది, రావడం ఆలస్యమవుతుందని. మరుసటి రోజు నుంచి తొమ్మిది రోజులు తిరిగిన ఊళ్లే మళ్లీ తిరిగాం. ఈసారి వసారాలో అడగలేదు. నేను ముందు వంటింట్లోకి పోయి, ముప్పైమూడు ఇళ్లలో ముప్పైమూడు సార్లు తప్పు నాదని ఒప్పుకుని, ఆ తర్వాత కుండ అడిగేదాన్ని. అన్నేసి క్షమాపణలు నేను ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ప్రతి ఇంట్లోనూ ఆ కుండ ఉంది. ప్రతి ఇంటి నుంచీ రెండో సంచి తెచ్చాం.

ఆ చలికాలంలో ఇంగ్రిడ్ జాబు రాసింది. మొదటి సంచులు నిర్దోషం, రెండోవి కావు. కాయలు బాగా ఎండాక మూట కట్టాలి, నల్లబడినవీ నూగు పట్టినవీ తినకూడదు, పశువుకూ పెట్టకూడదు. ఈ మాత్రం చెప్పడానికి ఐరోపా దాకా పోవాలా అని మీరు అడగవచ్చు. నేనూ అనుకున్నాను. ఆ జాబు పట్టుకుని పోయి చదివి వినిపిస్తే రాజమ్మ అంతా విని, "ఏరి పారేయమంటారు, సరే. పారేస్తే పచ్చడికి ఏం పెట్టుకునేది? అది రాసిందా ఆయమ్మ?" అంది. రాయలేదు. అద్దంలో బూజు కనిపిస్తుంది గానీ మంచివన్నీ విత్తనానికీ మిల్లుకూ పోక తప్పని సంసారం కనిపించదు. అయినా కుండ కోసం మూల వెతికాను. కుండ ఉంది, అందులో ఉప్పు పోసి ఉంది. విత్తనపు మూట కొంచెం చిన్నదైంది. వసంత పిడికిట్లో ఉన్నవి ఎర్రగా ఉన్నాయి. ఆ ఇంట్లో వచ్చినవాళ్లకూ ఉన్నవాళ్లకూ ఒకే పచ్చడి నూరడానికి ఒక ముసలామె తన పరువును గుమ్మం ముందు దించవలసి వచ్చింది. దించమన్నది మేం. దించే ధైర్యం ఆమెది. సముద్రాలు దాటి రావడం అంత కష్టం కాదని అప్పటినుంచి నా అభిప్రాయం, వసారా దాటి వంటింట్లోకి పోవడం కష్టం.

ఆ దారిన పోయేవాళ్లకు ఒక్క మాట. చిత్తూరులో గానీ కాణిపాకంలో గానీ వేయించిన చెనక్కాయల పొట్లం కొంటే, ఒక్క గింజ చేదు తగిలినా మింగకండి. పక్కన ఎవరున్నా సరే, ఉమ్మేయండి. మొహమాటపడకండి.