నా బరువుకు అవ్వ మొక్కిన బెల్లం

నన్ను కన్న మా అవ్వకు ఎప్పుడూ నా కంచం మీదనే కన్ను. మా ఊరు లింగాల ఘనపూర్ల ఎవలింట్ల దావత్ అయినా, నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటే చాలు, ఇగ నోరు కట్టుకోరాదె అని నలుగురి ముంగట అనేది. నేను బడిల లెక్కలు చెప్పే పంతులమ్మను, నలభై దాటినదాన్ని. అయినా అనేది. నోరు కట్టుకున్న, పొద్దుగాల నడిచిన, కొర్రన్నం తిన్న. పది కిలోలు పోతే పన్నెండు వచ్చేటియి.

ఆఖరికి హన్మకొండల డాక్టరమ్మకు చూపెట్టుకున్న. గిది తిండిపోతుతనం కాదు, బీపీ, షుగర్ లెక్క ఎన్నటికీ ఉండే బీమారి అన్నదామె. బరువు తగ్గితే ఒళ్లే ఆకలి పెంచి మళ్ల గుంజుకుంటదట. వారానికో సూది రాసింది. చానమందికి పనిచేస్తదట గని, నాకు కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, నీళ్లు తాగినా వాంతులే. అప్పుడు ఆపరేషన్ అన్నది. కడుపును కోసి అరటికాయంత చేస్తరు, అయినా బీమారి పోదు, బతికినన్ని రోజులు చూసుకుంట ఉండాలె అని చెప్పింది. పక్కన కూసోని అవ్వ అంత విన్నది. నా తప్పు కాదని ఒక్కసారి ఆమె నోట వినాలని నాకు ఎంత ఆశనో. అనలే.

ఇంటికొచ్చి మేడారం సమ్మక్క దిక్కు తిరిగి, బిడ్డ మంచిగ బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ అని మొక్కింది. బంగారమంటే మాకు బెల్లమే. మనిషిని తూచి, అంత బెల్లం గద్దెల కాడ పెడ్తం. మొక్కిననాడు నేను నూట ఇరవై నాలుగు కిలోలు.

ఆపరేషన్ అయింది, బతికి బయటపడ్డ. గని రెండేండ్లకోసారి వచ్చే జాతర ఇంకో ఏడాది దాక రాలే. నెలనెలా నేను తగ్గుడు, అవ్వ పరేషాన్. సన్నవడ్డవని వాడకట్టోళ్లు మెచ్చుకుంటుంటే ఈమె మొఖం మాడ్చుకునేది. సమ్మక్క తల్లికి బెల్లం తక్కువైతదట. జర తినవే అని గారెలు పట్టుకొని నా వెంటవడ్డది. నలభై ఏండ్లు నా చేతిల గారె గుంజుకున్న మనిషి! ఒక్క ఇడ్లీ తింటే కడుపుల జాగ లేదాయె. నవ్వాల్నో కొట్లాడాల్నో తెల్వలే.

జాతర ముంగట జనగామల బెల్లం దుకాణానికి పోయినం. బెల్లంతోని సార కాస్తరని, ఆధార్ కార్డు లేంది ఇయ్యరు. షావుకారి కార్డు మీది ఫోటోను, నన్ను మూడుసార్లు చూసి, మీ పెద్దక్క కార్డు తెచ్చినవా అన్నడు. లైన్ల ఉన్నోళ్లంత నవ్విండ్రు. కాంట ఎక్కిన. ఎనభై ఆరు అని గట్టిగ చదివిండు. సిగ్గుతోని సచ్చిన.

అవ్వ బెల్లం తూచనియ్యలే, మొక్కిననాడు నా బిడ్డ నూట ఇరవై నాలుగు, గంతే ఇయ్యాలె అన్నది. చెప్పులిడిసి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని నా పక్కకెక్కింది. షావుకారి తలకాయ పట్టుకున్నడు. మొక్కు ఒక్కరిదే గదా అవ్వా, దిగమన్నడు. కాంట నూట ఇరవై ఏడు చూపెట్టింది. అవ్వ దిగలే, పడిపోకుంట నా నడుము చుట్టు చేతులేసి పట్టుకున్నది.

"మూడు కిలోలు ఎక్కువున్నయి," అన్నడు షావుకారి.

"ఉండనీ. బీమారి అని తెల్వక నా బిడ్డను గన్నేండ్లు తిట్టిన. గా మూడు నా తప్పుకు."

నేను ఆడనే బోరున ఏడ్సిన. లైన్ల వెనకాయిన జర దిగి ఏడ్వుండ్రి, మేము గూడ తూగాలె అన్నడు.