పోతమ్మకు నచ్చని పడవ

మా నాయనమ్మ పోతమ్మకు ఈ లోకంలో ఒక్కడి మీదే కోపం. వాడు జపానులో ఉంటాడు. వాడి పేరు ఆవిడకు తెలియదు, మొహం చూడలేదు. వాడు తయారుచేసిన అరచేతి వీడియో గేమ్ మాత్రం ఆవిడ బొడ్డు సంచిలో, పొగాకు పక్కన ఉండేది. రోజూ ఆడేది. ఆడినంతసేపూ తిట్టేది. తిట్టడం అయ్యాక మళ్లీ ఆడేది.

జపాను ఎటుందని ఒకసారి నన్నే అడిగింది. ఏడో తరగతి రెండుసార్లు తప్పి బడి మానేసిన నేను, ధైర్యంగా మా విశాఖపట్నం రేవు పక్కనుండే డాల్ఫిన్ కొండ వెనకాల అని చెప్పాను. అప్పట్నుంచి ఆవిడ ఎక్కడున్నా ముందు ఆ కొండ ఎటుందో చూసుకుని, అటు తిరిగి తిట్టేది.

నిజానికి ఆ గేమ్ నాది. ఎనభై అయిదులో, పాత పోస్టాఫీసు దగ్గర గడియారాల కొట్టు ఖాజా గారు నాకిచ్చారు. ఓడల మీద వచ్చే నావికులు అమ్ముకుపోయే వస్తువులు ఆయన కొట్లో దొరికేవి. నాయనమ్మ ఏళ్ల తరబడి వాళ్లింటికి చేపలు వేసేది కాబట్టి ఆ చనువుతో, "మనవరాలు ఆడుకుంటుందమ్మా" అని చేతిలో పెట్టారు. నేను ఒక్క పూట ఆడాను. "ఇలా తే, సూత్తాను" అంది నాయనమ్మ. ఆ చూడటం ఏళ్లు పట్టింది.

సబ్బుపెట్టెంత ఉండేది. బూడిదరంగు అద్దంలో పైన ఓడ మునిగిపోతుంటుంది. అందులోంచి మనుషులు ఒక్కొక్కరే దూకుతారు. కింద మన పడవ. అటో మీట, ఇటో మీట. వాటిని నొక్కుతూ పడవను జరిపి, పడేవాణ్ణి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే సొరచేప తినేస్తుంది. ముగ్గురు పోతే పీ అని ఏడ్చి ఆగిపోతుంది. నాకది ఆట. పుట్టినప్పట్నుంచి సముద్రం ఒడ్డున బతికిన మా నాయనమ్మకు అది పరువు తగువు.

వారానికోసారి చేపల గంప దింపి ఖాజా గారి కొట్లో పంచాయితీ పెట్టేది. అప్పుడు ఆయన మొహం చూడాలని నేనూ వెంట వెళ్లేదాన్ని. గంప కనబడగానే ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, ఎవరిదో గడియారంలో తల దూర్చేవారు.

"ఖాజా, ఈ పెట్టి మీద బొమ్మ సూడు. నీలం సముద్రం, ఎర్ర ఓడ, పచ్చజుట్టు దొర. మరి లోపలేటున్నాయి?"

"బొమ్మలే కదమ్మా."

"నల్ల సీమలు. పెట్టి మీద సినిమా సూపించి లోపల సీమల్ని పెట్టేడు. నిన్నటి సేప మీద నీల్లు సల్లి, ఇయ్యాల్టిదని నాను అమ్మితే నువ్వు కొంటావేటి?"

"కొననమ్మా."

"మరి కంపినీవోడికి సెప్పు."

"అలాగేనమ్మా, ఇన్షా అల్లా" అనేవారు ఖాజా గారు. ఆయనకూ ఆ కంపెనీకీ ఉన్న చుట్టరికమల్లా, వాళ్ల సరుకు రెండు పెట్టెలు ఆయన అలమరలో ఉండటమే. నాయనమ్మ లెక్కలో మాత్రం విశాఖపట్నానికి కంపెనీ తరఫున జవాబుదారీ ఆయనే.

మరో వారం మరో నేరం.

"నలుగుర్ని కాపాడితే పదిమందిని తోసేత్తన్నాడు. పదిమందిని కాపాడితే ఊపిరి తియ్యనీడు. బాగా పనిసేసినోడికి ఇదేనా మర్యాద?"

"గేమ్ అంటే అంతేనమ్మా. ఎంత బాగా ఆడినా చివరికి ఓడిపోవాల్సిందే."

"అలగైతే గెలిసేదెవుడు?"

ఖాజా గారు భూతద్దం తీసి నిజంగానే ఆలోచించారు. "కంపెనీవాడే" అన్నారు.

"అదీ. నువ్వే ఒప్పుకున్నావ్."

పాపం ఆయన ఒకసారి రాజీకి కూడా దిగారు. కొత్త మోడల్ వచ్చిందని, అలమరలోంచి ఇంకోటి తీసి చూపించారు. అందులో ఇల్లు తగలబడుతుంటుంది. మేడ మీంచి జనం దూకుతుంటారు. కింద ఇద్దరు దుప్పటి పట్టుకుని అటూ ఇటూ పరుగెడతారు. నాయనమ్మ చేప మొప్పలు ఎత్తి చూసినట్టు దాన్ని తిరగేసి, బోర్లేసి చూసింది.

"పడవ తీసేసి దుప్పటి పెట్టేడు. మిగతాదంతా అదే. పాత వలకి రంగేసి కొత్త వలంటే మా రేవులో తంతారు, తెలుసా?"

ఆ తర్వాత మేము చాలాసార్లు వెళ్లినప్పుడు, ఖాజా గారు భోజనానికి వెళ్లారనే కొట్లోవాళ్లు చెప్పేవారు, పొద్దున్న పదింటికి కూడా.

ఖాజా గారు దొరకని వారాల్లో ఫిషింగ్ హార్బరే కోర్టు. వేలంపాట జోరుగా సాగుతుంటే మధ్యలోకి వచ్చి, ఏ బోటు డ్రైవరు చెయ్యో పట్టుకునేది.

"ఒరే, నువ్వు డ్రైవరువి కదా. ఇంతమందిని పడవెక్కించేను. ఈలందర్నీ దింపడానికి ఒడ్డేదిరా? ఒడ్డు నేని సముద్రం ఎక్కడైనా సూసేవా?"

"నేదు పెద్దమ్మా, సూడనేదు. సెయ్యి ఒగ్గెయ్."

అన్ని నేరాల్లోకీ ఆవిడకు పెద్దది అదే. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే మాయమైపోతారు, పడవ ఎప్పటికీ ఇంటికి రాదు. మిగతా తప్పులు అరిచి చెప్పేది, ఇది మాత్రం కాస్త మెల్లగా చెప్పేది. దూరం నుంచి ఆవిడ వస్తుంటేనే వేలం పాటగాళ్లు గాబరా పడేవారు. "పోతమ్మ వత్తంది, బేగి కానిచ్చేయండి" అనేవారు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. సముద్రంలో ఉన్న బోట్లు ఒక్కొక్కటే పరుగెత్తుకొచ్చి హార్బరులో దూరాయి. మా చిన్నాన్న గంగరాజు వెళ్లిన బోటు మాత్రం రాలేదు.

చిన్నాన్నకు అప్పటికి పెళ్లయి మూడు నెలలు. పిన్ని నూకాలుది భీమిలి అవతల పల్లె. వాళ్లవి చిన్న తెప్పలు, వెళ్లిన రోజే తిరిగొస్తాయి. మొగుడు రోజుల తరబడి సముద్రంలో ఉండటమే ఆవిడకు కొత్త. ఇప్పుడు గాలివాన కూడా వచ్చి పడింది. బోటు రావాల్సిన రోజు దాటిపోయింది.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది గాని గాలి తగ్గలేదు. ఆ బోటులో వెళ్లినవాళ్ల ఇళ్ల ఆడవాళ్లంతా జెట్టీ మీదికి చేరారు. నూకాలు పిన్ని ముందురోజు నుంచీ తినలేదు. వల కుప్ప మీద కూర్చుని నీళ్లలో ఒకే చోటు చూస్తోంది. అల్లుణ్ణి అదే బోటులో పంపిన సీతాలు పెద్దమ్మ, ఎప్పుడో తిరిగిరాని బోటు కథ మెల్లగా ఎత్తుకుంది.

"ఆ ఏడూ ఇలగే గాలేసింది. పైడయ్యోల బోటు, పాపం..."

నాయనమ్మ బొడ్డు సంచిలోంచి గేమ్ తీసి, డాల్ఫిన్ కొండ వైపు తిరిగింది.

"ఒలే సీతాలా, మళ్లీ తోసేసేడు సూడు. అంచున నిలబడ్డోణ్ణి ఎనకనుంచి తోసేసేడు."

సీతాలు పెద్దమ్మకు కథ మర్చిపోయేంత ఒళ్లు మండింది. "కొడుకు సముద్రంలో ఉంటే ఆటేటే? సిగ్గు నేదేటి నీకు?"

"సిగ్గు నాకెందుకే, దీన్ని సేసినోడికుండాల. ఈ సొర సూడు, తోక మీద నిలబడిపోయి నవ్వుతంది. సొరలు నవ్వుతాయేటే?"

"సొర నిలబడదు" అంది ఒకావిడ, కళ్లు తుడుచుకుంటూనే.

"ఎందుకు నిలబడదు? మా మావ సూసేడు" అంది ఇంకొకావిడ.

"మీ మావ సారా తాగి సూసేడు."

అంతే. పొద్దెక్కేదాకా ఆ జెట్టీ మీద సొరచేపలు నిలబడ్డాయి, పడ్డాయి. నాయనమ్మ మీటలు నొక్కుతూనే ఉంది, జపానువాడికి శాపనార్థాలు పెడుతూనే ఉంది. పిన్ని ఒక్కతే ఇంకా నీళ్లలో ఆ చోటే చూస్తూ కూర్చుంది. చివరికి ఒక్కసారిగా లేచింది.

"ఆపత్తా. ఆయన నీ కొడుకేనా అసలు?"

గేమ్ లాక్కుని నీళ్లలోకి విసరబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని వేలాడాను. ఎంతైనా అది నా వస్తువు. ఆ పెనుగులాటలో ఇద్దరికీ ఒకేసారి అద్దం కనబడింది.

అందులో ఓడ లేదు, మనుషులు లేరు, సొర లేదు. తుడిచిన పలకలా ఉంది.

పిన్ని గొంతు దానంతటదే తగ్గిపోయింది. "అత్తా, ఇందులో ఏటీ నేదు."

"సెల్లు సచ్చిపోయి నెల్లాల్లయింది" అంది నాయనమ్మ, ఆవిడ కూడా చిన్న గొంతుతోనే.

"మరి పొద్దున్నుంచీ..."

"తిట్టడానికి బొమ్మలెందుకే. దాని తప్పులన్నీ నాకు నోటికొచ్చు."

నాయనమ్మ నోరు ఆగడంతో జెట్టీ అంతా ఆగిపోయింది. ఒక్కొక్కరి కళ్లూ సముద్రం మీదికి పోయాయి. సీతాలు పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాన్న ఆలస్యంగా వస్తాడనుకున్నానే గాని, రాకపోవచ్చని నాకు తోచింది అప్పుడే. చూస్తే నాయనమ్మ చేతులు, గేమ్ లేకపోయినా, ఇంకా మీటలు నొక్కుతున్నట్టే కదులుతున్నాయి.

పిన్ని ఆ చేతులు చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, అత్తను ఆనుకుని కూర్చుంది. ఖాళీ అద్దం ఒళ్లో పెట్టుకుని మీట నొక్కింది.

"అయ్యో, ఈడూ పడిపోనాడు" అంది అందరికీ వినబడేలా. "అది సరేగాని అత్తా, ఇంతమందిని ఎక్కించుకుంతన్నాం కదా, ఈ పడవలో పొయ్యి ఏది? తడిసొచ్చినోల్లకి ఇంత గెంజి ఎవులు కాసి పోత్తారు?"

నాయనమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆవిడ ఇన్నాళ్లుగా వెతికినా దొరకని తప్పు అది.

"ఓలమ్మా, ఆ మాట నాకు తట్టనేదే" అంది. తర్వాత అటు తిరిగి, "ఒలే సీతాలా, ఇన్నావా? పొయ్యి నేదంట."

"పొయ్యి నేకుండా పడవెలగ?" అంది సీతాలు పెద్దమ్మ, కొంగు నోటి మీంచి తీసి. పొయ్యి ముందుండాలా, వెనకుండాలా అన్న దాని మీద మళ్లీ రెండు పార్టీలయ్యాయి. పిన్ని వెనక పార్టీకి నాయకురాలు. మీట నొక్కడం మాత్రం మానలేదు.

మిట్టమధ్యాహ్నం, ఇంజను పాడైన ఆ బోటును ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. అందరూ ఉన్నారు. చిన్నాన్న ఒళ్లంతా ఉప్పు పట్టి, పెదాలు పగిలి దిగాడు. పదిమందిలో మొగుడితో ఎన్నడూ మాట్లాడని పిన్ని ఎదురెళ్లి నిలబడింది.

"తిన్నావా?"

"ఏటి తినడం. మొన్నటి గాలికి పొయ్యి, గిన్నెలు, బియ్యం మొత్తం సముద్రంలో పోనాయి. తడిసిన అటుకులు నమిలి వచ్చేము."

పిన్ని నా చేతిలో గేమ్ పడేసి, గంజి కాయడానికి ఇంటికి పరుగెత్తింది. నాయనమ్మ కొడుకు తల, వీపు, చేతులు తడిమి, అన్నీ ఉన్నాయని తేల్చుకుని, లేటుగా వచ్చినందుకు చెవి మెలిపెట్టింది. ఆ తర్వాత డాల్ఫిన్ కొండ వైపు తిరిగింది. వేసిన నిందను ఆవిడ వెనక్కి తీసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పొయ్యి నేని పడవలు ఉంటాయన్నమాట" అంది. "ఆ ఒక్కటీ కంపినీవోడి తప్పు కాదే పిల్లా."