సుశీల ఉద్యోగం, నా మోటారు చెయ్యి: పామర్రు నుంచి బెజవాడకు ఒక రోజు

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు మా ఆవిడ సుశీలకు కాలవ అవతలి ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. మా బెజవాడ ప్రయాణానికి కారణం అదే. సోమవారం చేరాలి, పొద్దున వెళితే మళ్ళీ సాయంత్రానికి గానీ ఇంటికి రాదు. అంతకు రెండేళ్ళ ముందు నేను గడ్డివామి మీద నుంచి జారిపడి మెడ విరగ్గొట్టుకున్నాను. కాళ్ళు పోయాయి. భుజాలు కాస్త కదులుతాయి, మోచేతులు ముడుచుకుంటాయి, వేళ్ళు మాత్రం చచ్చుబడ్డాయి. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మాస్టారిని, ఎవరో ఒకరు ముద్ద పెడితే తప్ప తినలేని మనిషినయ్యాను. మధ్యాహ్నం వచ్చి తినిపిస్తానని పక్కింటి రత్నమ్మ గారు మంచిమనసుతోనే అన్నారు. నేను సరేనన్నాను కూడా. నా మొహం చూసి సుశీలే ఆ మాట సాగనివ్వలేదు. మధ్యాహ్నం అన్నం నా అంతట నేను తినగలిగితే ఆవిడ ఉద్యోగంలో చేరుతుంది, లేకపోతే లేదు. మా ఇంట్లో అప్పటికి తేలాల్సిన సంగతి ఇదొక్కటే.

బెజవాడలో ఒక ఆసుపత్రివాళ్ళు బ్యాటరీతో పనిచేసే చేతిపట్టీలు బిగిస్తున్నారని మా పాస్టరు గారు కనుక్కొచ్చారు. ముందొకసారి వాళ్ళ మనిషి ఇంటికే వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు. శుక్రవారం పదింటికల్లా రమ్మన్నారు. మామూలుగా అయితే పామర్రు నుంచి బెజవాడకు బస్సులు దండిగా ఉంటాయి. చక్రాల కుర్చీతో వెళ్ళేవాళ్ళు మాత్రం బస్సు సంగతి మరిచిపోండి. మేము కోటయ్య గారి అంబాసిడర్ మాట్లాడుకున్నాం. వెయిటింగుతో సహా ముందే ఖరారు చేసుకుంటే తర్వాత మాటా మాటా పెరగదు. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కకు ఒరిగిపోకుండా ఇటో దిండు అటో దిండు సర్ది ఆరున్నరకు బయలుదేరాం.

కోటయ్య గారు మాటకారి, పైగా మర్యాదస్తుడు. అద్దం దించమంటారా మాస్టారూ అన్నాడు, అలాగే అన్నాను. ఉయ్యూరు దగ్గర దుమ్ము లేచింది, అద్దం ఎత్తమంటారా అన్నాడు, అలాగే అన్నాను. చెరకు బళ్ళు అడ్డం తిరిగి ఉంటే కాసేపు ఆగుదామా అన్నాడు. దానికీ అలాగే. మంచాన పడ్డప్పటి నుంచి నాది ఇదే వరస. ఏ చొక్కా వెయ్యాలన్నా, మంచం ఏ గోడవైపు జరపాలన్నా, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏ ఆకు పసరు పూయాలన్నా సరే అనేవాణ్ణి. పక్కవాళ్ళ చేతులతో బతికేవాడికి బెట్టు ఎందుకని నా ఉద్దేశం. కంకిపాడులో కారు ఆపి సుశీల నాకు ఇడ్లీ తినిపించింది. కిటికీలోంచి చూస్తున్నవాళ్ళు చూస్తూనే ఉన్నారు. తొమ్మిదిన్నరకు బందరు రోడ్డు మీదుగా ఊళ్ళోకి చేరాం.

ఆసుపత్రిలో ఈ పట్టీలు తయారుచేసే వర్క్‌షాపులో మమ్మల్ని చూసుకున్నది ఫిలోమినా గారని, థెరపిస్టు, గుంటూరు మనిషి. చేతిపట్టీ చూడ్డానికి పెద్ద విశేషంగా ఏమీ లేదు. అల్యూమినియం రేకు, తోలు పట్టీలు, ముంజేతి మీద అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద మోటారు. స్కూటర్‌కు పెట్టేలాంటి బ్యాటరీ ఒకటి కుర్చీకి వేలాడదీస్తారు. ఎడమ భుజం మీద కమ్మీకి ఒక బటను బిగించారు. దాన్ని చెంపతో ఒకసారి నొక్కితే కుడిచేతి బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు దగ్గరికొచ్చి పట్టుకుంటాయి. మళ్ళీ నొక్కితే వదిలేస్తాయి. ఈ తరహా బటను పైదేశం నుంచి వచ్చిందనీ, నా భుజాల్లో బలం తక్కువ కాబట్టి చెంపే నయమనీ ఆవిడ చెప్పారు. మాట్లాడకుండా చేతి మీదే ధ్యాస పెట్టమన్నారు. గంటసేపు గదిలో ఎవరూ నోరు మెదపలేదు. మోటారు కుట్టుమిషనులా గొణుగుతుంటే నేను చెక్కముక్కలు ఎత్తాను, దించాను, చెంచా పట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత నా వేళ్ళు దేన్నో పట్టుకుంటుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. బయట ఎక్కడైనా భోంచేసి మూడింటికి రండి, ఏమైనా ఉంటే సరిచేస్తానన్నారు.

గవర్నరుపేటలో మెట్లు లేని భోజన హోటలు ఒకటి కోటయ్య గారికి తెలుసు. మధ్యాహ్నం పన్నెండున్నర లోపల వెళితే కుర్చీ పట్టే చోటు దొరుకుతుంది. సుశీల అన్నంలో పప్పు కలిపి కంచం నా ముందుకు జరిపింది. మొదటి చెంచా నోటిదాకా తెచ్చాను. వడ్డించే అతను వచ్చి నెయ్యి వెయ్యమంటారాండీ అన్నాడు. అలాగే అన్నాను. చెంచా ఒళ్ళో పడింది. రెండోది ఎత్తాను. ఎదుటి బల్ల దగ్గరి పెద్దాయన, పామర్రు వైపేనా బాబూ అన్నాడు. అవునండీ అన్నాను. చెంచా నేల మీద పడింది. మూడోసారి కోటయ్య గారు ఏదో ఓదార్చబోతే ఆయన మాటకు సరేనన్నాను, పప్పంతా చొక్కా మీద. పొద్దున చెక్కముక్కలను అంత బాగా పట్టిన చెయ్యి అన్నం దగ్గరికొచ్చేసరికి ఎందుకు మొరాయిస్తోందో అర్థంకాక చచ్చేంత సిగ్గేసింది. సుశీల కొంగుతో నా చొక్కా తుడిచింది. మళ్ళీ చెంచా నిండా అన్నం తీసి నా వేళ్ళకు పట్టించి, నేనది ఎత్తాక మెల్లగా అంది.

"ఏవండీ, నేను చేరనని రాసేస్తాను. మీరు బెంగపెట్టుకోకండి. సరేనా?"

అలవాటుగా నా తల పక్కకు వాలబోయింది. చెంపకు బటను చల్లగా తగిలింది, ఇంకా లోపలికి నొక్కుకోలేదు. అక్కడే ఆగిపోయాను. సరే అనాలంటే మనం తల పక్కకు వాలుస్తాం. ఆ బటను పుట్టిన దేశంలో గడ్డం కిందికి దించుతారట, వాళ్ళకు ఈ బాధ ఎందుకుంటుంది? చెయ్యి మొరాయించడం లేదు. అడిగిన ప్రతివాళ్ళకూ సరే సరే అంటూ చెంచా నేనే వదిలేస్తున్నాను.

మెడ నిటారుగా పెట్టుకుని అన్నాను.

"వద్దు సుశీలా. నువ్వు చేరు. నేను తింటాను."

ఆవిడ బిత్తరపోయి చూసింది. రెండేళ్ళలో ఆవిడ మాటకు నేను వద్దనడం అదే మొదలు. చెంచా నోట్లోకి వెళ్ళింది. పప్పు చల్లారిపోయింది, ఉప్పు కూడా తక్కువే. అంత రుచిగల అన్నం మళ్ళీ తినలేదు. బటను సంగతి చెబితే నమ్మక, పెరుగు వేయించనా అని పరీక్షగా అడిగింది. తల కదపకుండా వేయించమన్నాను. అప్పుడు నవ్వింది.

మూడింటికి వెళ్ళి చెబితే ఫిలోమినా గారు నుదురు కొట్టుకుని, తానూ తల వాల్చే మనిషే అయ్యుండి తోచనందుకు తనను తానే తిట్టుకున్నారు. బటను తీసి భుజం వెనక్కి మార్చి చూద్దామన్నారు. నేను ఉండనివ్వండి అన్నాను. నాకు అక్కడే బాగుంది. ఎవరేమడిగినా సరే అనేముందు ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తోంది, అది నాకు కావాలి. తిరుగు ప్రయాణంలో అద్దం దించమంటారా అని కోటయ్య గారు అడిగితే, వద్దు, కాలవగాలి పడదు అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఏడు కాకముందే ఇల్లు చేరాం. బ్యాటరీ నాలుగురోజులు వస్తుంది, పామర్రులో రేడియో రిపేరు షాపువాళ్ళు ఛార్జింగు పెట్టిస్తారు.

మీలో ఎవరైనా ఇలాంటి చెయ్యి బిగించుకోవడానికి మనిషిని తీసుకెళుతుంటే, ఇంటినుంచి క్యారేజీ పట్టుకెళ్ళి ఆ వర్క్‌షాపులోనే, థెరపిస్టు ముందే తినిపించి చూడండి. తినేటప్పుడు ఊరుకోకుండా ఆ మాటా ఈ మాటా అడుగుతూ ఉండండి. లోపం ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. చెయ్యి దొరకడం గొప్పే. వద్దు అనగల ధైర్యం కూడా దాంతోపాటే తిరిగొస్తుందని నేను అనుకోలేదు. సోమవారం పొద్దున సుశీల నా చేతికి పట్టీ బిగించి, కలిపి పెట్టి వెళ్ళిన అన్నం మధ్యాహ్నం చల్లారాక ఒక్కణ్ణే గంటసేపు తిన్నాను, సగం కింద పోశాను. సాయంత్రం సుశీల గుమ్మంలో అడుగుపెట్టి ముందు కంచం చూసింది. తిన్నారా, మంచినీళ్ళు తాగారా అని అడగలేదు. చెప్పులు విడిచి నా పక్కన కూర్చుని, ఆ రోజు బడిలో పిల్లలు తనను ఎంత సతాయించారో చెప్పడం మొదలుపెట్టింది.