దేవుడి గూట్లో పెట్టిన మందు

నాకు జబ్బు చేసిందన్న సంగతి నాకన్నా ముందు కనిపెట్టి చెప్పింది మా ఆడపడుచు వెంకాయమ్మ. ఆ రోజు ఆవకాయ జాడీ ఎత్తబోయి కళ్లు తిరిగి గోడకు చేరబడ్డాను.

"వదినా, నీ పెదవులేంటి, సున్నం పూసినట్టున్నాయి? ఈసారి ఎన్నాళ్లు బయట కూచున్నావు?" అంది.

"పన్నెండు రోజులు."

"పన్నెండా! మా అన్నయ్య ఆ పెరటి వసారా నీ పేర రాసిచ్చేశాడా ఏంటి?" అని నవ్వబోయి, నవ్వలేక నా చెయ్యి పట్టుకుంది.

ఆరు నెలలుగా నెలనెలా అలాగే పోతోంది. ఆడవాళ్లకు మామూలే అనుకుని నోరెత్తలేదు.

మాది తణుకు దగ్గర పల్లె. మావారు నన్ను కాలువ పడవలో తీసుకువెళ్లి, గోదావరి దాటించి, రాజమండ్రిలో ఆడవాళ్ల ఆస్పత్రిలో చేర్చారు. దొరసాని డాక్టరమ్మ పరీక్ష చేసి, "యుటరస్‌లో ఫైబ్రాయిడ్ ఉన్నది. అంటే గర్భసంచిలో గడ్డ. ఆపరేషన్ చేయవచ్చును గాని ప్రాణభయము. ముందు కొత్త మందు చూతము" అన్నారు. అవి థైరాయిడ్ మాత్రలు. గొర్రె మెడలోని గ్రంథిని ఎండబెట్టి దొరల సీమలో చేస్తారట. మేము మాంసం తినేవాళ్లమే గనుక మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. రోజుకు ఒకటి. "ఒక్క దినమైనను మానకూడదు" అని ఆమె రెండుసార్లు చెప్పారు.

మొదటి నెల ఆస్పత్రిలోనే ఉంచుకుని ఇచ్చారు. ఆరో రోజుకే ముట్టు ఆగింది. బతుకుతానని అప్పుడు నమ్మాను. ఇంటికి వచ్చి ఆ సీసాను దేవుడి గూట్లో, స్వామి పటం పక్కన పెట్టాను. ప్రాణం నిలబెట్టిన మందు, ఇంకెక్కడ పెట్టను?

మళ్లీ బయట చేరినప్పుడు అత్తగారిని మాత్ర అడిగాను.

"స్వామి దగ్గరున్నది మైలలో నీకెలా అందించనమ్మాయ్? తిరిగి అక్కడెలా పెట్టను? నీళ్లు పోసుకున్నాక వేసుకుందువుగానిలే" అన్నారు.

ఆవిడ చెడ్డవారు కారు. పూటపూటకూ వేడి పాలు కాచి వసారాలో పెట్టించేవారు. నాకూ ఆ మాట సబబనే తోచింది. తొమ్మిది రోజులు మాత్ర లేకుండా పోయాయి. పదో రోజు తలంటుకుని గూటి ముందు నిలబడ్డాను. మధ్యలో తప్పిన నోమును తరువాత పట్టి తీర్చుకుంటాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. రోజుకు నాలుగు చొప్పున వేసుకుని తప్పినవన్నీ పూర్తి చేశాను. మూడు నెలలు అలాగే చేశాను.

బొట్టు పెట్టుకోబోతే చెయ్యి వణికి వంకరపోయేది. ఎంత తిన్నా ఒళ్లు తగ్గిపోయి గాజులు జారిపోయేవి. పడుకుంటే గుండె దడ. మందు జబ్బుతో పోరాడుతోందనుకుని దండం పెట్టుకునేదాన్ని. ఒక ఉదయం పెరటి మెట్టు మీద పడిపోయాను. మళ్లీ పడవ, మళ్లీ రాజమండ్రి.

డాక్టరమ్మ గడియారం చూస్తూ పల్స్ లెక్కపెట్టి, "దినమునకు ఎన్ని వేసుకొంటిరి?" అన్నారు.

"ఒకటేనండి."

నాకు అంత మేలు చేసిన మనిషి మాట జవదాటానని చెప్పడానికి సిగ్గేసింది. ఒక్క మాత్రతో ఇలా కాదని, ఇది జబ్బు పనేనని ఆమె మాత్రలు మానవద్దనే రాశారు.

ఆ వార్డులో మరియమ్మ అనే నర్సు ఉండేది. కడియం వైపు మనిషి, క్రైస్తవురాలు. నాకు బార్లీ తాగిస్తూ మెల్లగా అడిగింది.

"అమ్మగారూ, కోప్పడకండి. బయటున్న రోజుల్లో సీసా ఎవరందించేవారండి?"

నాకు ఏడుపు వచ్చింది. "ఎవరూ అందించలేదు."

"మరి ఆ మాత్రలన్నీ?"

"తరువాత వేసుకున్నాను."

"అన్నీనా! అయ్యో తల్లీ, అవేమన్నా మొక్కులాండి, పోగుచేసి తీర్చుకోడానికి?" అని గ్లాసు అక్కడే పెట్టి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "మీ ఆచారము నేను అడుగలేదు. నా తప్పు కూడ ఉన్నది" అన్నారు. మాత్రలు ఆపించారు. మూడు వారాలకు దడ తగ్గింది గాని పూర్తిగా పోలేదు. పంపించే రోజున చెప్పారు: "ఇక ఈ మందు మీకు లేదు. ఈ గుండె క్లోరోఫారము మత్తునకు ఓర్వదు, కనుక ఆపరేషను కూడ లేదు. ముట్లుడుగువరకు ఓర్చుకొనవలెను."

మరియమ్మ నా మూట పట్టుకుని రేవు దాకా వచ్చింది. "మీ ఊరొస్తే కాసిని మజ్జిగ పోస్తారాండి?" అని నవ్వింది. మా ఇంట్లో ఆమెను ఎక్కడ నిలబెడతారో, ఎలా పోస్తారో నాకు తెలుసు. రమ్మనలేకపోయాను. "చల్లగా ఉండు" అని మాత్రం అన్నాను.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పటికీ నెలలో పది రోజులు పోతుంది. పిల్లలు లేరు, ఇక కలగరు. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. అయినా పొద్దున్నే దీపం పెట్టుకోగలుగుతున్నాను, అదే పదివేలు. అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. మాత్ర తప్పితే తప్పినట్టే వదిలేయండి. కూడబెట్టి మింగకండి.

కిందటి వేసవిలో రాజమండ్రిలో కలరా తగిలింది. రోగులకు చేస్తూ చేస్తూ మరియమ్మ దానికే పోయిందని రేవులో పడవవాళ్లు చెప్పారు. నా చేత నిజం చెప్పించిన మనిషి ఆమె. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఈ పూట దండం పెట్టుకునేటప్పుడు ఆమె పేరు ఒక్కసారి తలుచుకోండి.