సున్నం పక్కన రెండు బిందెలు

ఇవాళ పక్కింట్లో సున్నం నానబెట్టారు. ఆ వేడి వాసనకు అరవై ఏళ్ళ కిందటి మా వేప్పనపల్లి ఇల్లు కళ్ళముందుకొచ్చింది. కుండలో సున్నపురాళ్ళు బుడబుడ ఉడకడం, ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచె, మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి.

గోడకు సున్నం కొడుతుంటే మా అక్క కంట్లో చింది పడింది. ఆమె నీళ్ళ తొట్టివైపు పరిగెత్తితే అవ్వ చేయి పట్టి ఆపింది.

"నీళ్ళు తగిల్తే సున్నం ఉడుకుతాదే! కన్ను ఉడికిపోతాదమ్మా!"

కంట్లో ఆముదం వేసి గుడ్డ కట్టింది. అందరం నమ్మాం. రాళ్ళు ఉడకడం ఏటా చూసినవాళ్ళమే కదా.

మూడోనాటికి కన్ను తెల్లబడింది. నాయన అక్కను బస్సులో కృష్ణగిరి తీసుకుపోయాడు. డాక్టరు కన్ను చూసి అడిగాడు.

"ఇంట్లో నీళ్ళు లేకపోయినాయాప్పా? అప్పుడే రెప్ప ఎత్తి కుండలకొద్దీ పోసి, ఆ పొద్దే ఈడికి తెచ్చింటే చూపు నిలిచుండేది."

నాయన ఇంటికొచ్చి ఆ మాట అవ్వకు చెప్పాడు. అవ్వ బతికినన్నాళ్ళూ ఆ తొట్టి వైపు చూడలేదు.

ఇందాక వెళ్ళి పక్కింటివాళ్ళ సున్నం పక్కన రెండు బిందెల నీళ్ళు పెట్టి వచ్చాను. ఎందుకని అడిగారు. కంట్లో చిందితే వెంటనే పోసుకోవడానికి, బిందెలు ఈడే ఉండనీయండమ్మా అన్నాను. మిగతాది చెప్పే ఓపిక లేకపోయింది.