కుడిబుగ్గ మీద సొట్ట

అత్తగారు పోయి ఏళ్ళయింది. కోడళ్ళకే పళ్ళు సగం రాలాయి. అయినా ఆ ఇంట్లో ఇద్దరు ముసలమ్మల్నీ పెద్దకోడలు, చిన్నకోడలు అనే అంటారు. మొగుళ్ళిద్దరూ అన్నదమ్ములు, ఇద్దరూ దాటిపోయారు. ఇక మిగిలింది ఒక వంటగది, ఒక పొయ్యి, దాని మీద ఇద్దరి పెత్తనం.

చిన్నకోడలి మొగుడు సున్నపు మేస్త్రీ. తోటివాళ్ళు అతన్ని అద్దం మేస్త్రీ అని ఆటపట్టించేవారు. ఆ పేరు వింటేనే చిన్నకోడలికి ఒళ్ళు మండేది. పాత బజారులో కమానుల మీదుండే ఆడమొహాలు రాలిపోతే కొత్తవి పోసింది అతనే. చెక్కలో గుంటగా మొహం చెక్కి, ఆ అచ్చులో సున్నపు ముద్ద నొక్కి, ఆరాక ఊడదీసేవాడు. ఆ సున్నం జల్లించింది చిన్నకోడలు. సున్నానికి పొక్కిన చేతులు ఉప్పు తగిలితే భగ్గుమనేవి. పని అయ్యాక అతను ఒకే మాట అన్నాడు, "మనింటి మొహమే పెట్టాను" అని. ఎవరిదో చెప్పలేదు. ఈవిడా అడగలేదు. అడిగితే లోకువైపోదూ! ఇద్దరూ ఇద్దరే. ఒకరిది మొండితనం, ఒకరిది బండతనం.

పెద్దకోడలు మాత్రం ఆ మాట పట్టుకుని ఉడుములా వదల్లేదు.

"ఇంట్లో కళ గల మొహం నాదేగా. మరిది ఇంకెవరిది పెడతాడు?" అనేది, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ.

అప్పట్నుంచీ చిన్నకోడలు ఆ బజారుకి వెళ్ళినా తల ఎత్తేది కాదు. సూదీ దారం కొనుక్కుని తిన్నగా ఇల్లు చేరేది. ఎత్తినా ఏం కనబడుతుంది, దుమ్మూ పావురాల రెట్టా తప్ప?

ఇన్నాళ్ళకి ఆ బజారుకి యోగం పట్టింది. గోడలు కడిగారు, రంగుటద్దాలు తుడిచారు. దేశదేశాలవాళ్ళు వచ్చి నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. పెద్దకోడలి కూతురు కూడా వెళ్ళి ఫోనులో ఫోటో పట్టుకొచ్చింది. నున్నగా కడిగిన ఆడమొహం. చిరునవ్వు. ఒకే ఒక సొట్ట, కుడిబుగ్గ మీద.

అదీ తంటా. నవ్వితే ఇద్దరికీ ఒకవైపే సొట్ట పడుతుంది. పెద్దకోడలికి కుడివైపు, చిన్నకోడలికి ఎడమవైపు. "ఇద్దర్నీ కలిపి కుడితే గానీ ఒక పూర్తి నవ్వు రాదే" అనేది అత్తగారు.

"చూశావుటే?" అంది పెద్దకోడలు. బుగ్గ మీద వేలు పెట్టుకుని మరీ నవ్వింది.

"ఫోనులో అంతా తిరగబడి కనిపిస్తుంది అక్కా. దాన్ని నమ్మి ఊరేగకు."

"తిరగబడింది ఫోను కాదు, నీ కడుపులో మంట."

ఇక చిన్నకోడలికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలుచుంటే నిలవబుద్ధి కాదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. వీధి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కాలుగాలిన పిల్లి నయం. నలభై ఏళ్ళు కాపురం చేసినవాడు, మొహం పెట్టాల్సి వస్తే వదినగారి మొహం గుర్తొచ్చిందా? తను జల్లించిన సున్నంతో?

తెల్లారగానే చెప్పులు తొడుక్కుంది. "నేనూ వస్తా, నా మొహం నేను చూసుకోవద్దూ" అని పెద్దకోడలు వెంటపడింది.

బజారు నిజంగానే పెళ్ళికూతురిలా ఉంది. రెండు పక్కలా మేడలు, మేడమేడకీ ఇనపతీగెల వసారాలు, కింద వరసగా కమానులు. ప్రతి కమాను నెత్తినా అదే మొహం. ఒకటే అచ్చు కదా. చిన్నకోడలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది. మెడ పట్టేసింది. ఎండ కళ్ళలో పడి సొట్ట ఏదో నీడ ఏదో తెలియదు. ఫోటోలు తీసుకునేవాళ్ళకి అడ్డం పడి, వాళ్ళు విసుక్కుంటే వాళ్ళ మీదే విరుచుకుపడింది.

"ఎందుకే ఆ పరుగులు? మొహాలేం లేచిపోవు" అంది పెద్దకోడలు, ఒక స్తంభానికి జారబడి.

ఎదురుగా మేడ మీద బట్టల దుకాణం ఉంది. అక్కడి కిటికీలోంచి చూస్తే ఈ పక్క మొహం కంటికి తిన్నగా ఉంటుంది. చిన్నకోడలు మోకాళ్ళు తిట్టుకుంటూ మెట్లెక్కింది.

"రండమ్మా, ఏం చూపించమంటారు?" అన్నాడు బట్టతల దుకాణదారు.

"కిటికీ చూపించు నాయనా."

చూసింది. సందేహం లేదు. సొట్ట కుడిబుగ్గ మీదే ఉంది.

పెద్దకోడలు ఆయాసపడుతూ వచ్చి పక్కన నిలబడింది. ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టడానికైనా వీలుండేది. చిన్నకోడలు మొహం తిప్పేసుకుంది. తిప్పుకుంటే కొనేవాళ్ళు చూసుకునే నిలువుటద్దం ఎదురైంది. ఏడిస్తే పరువు పోతుందని పెదాలు బిగించి నవ్వు మొహం పెట్టింది.

అద్దంలో సొట్ట పడింది. కిటికీలో మొహానికి ఏ పక్క ఉందో సరిగ్గా ఆ పక్కనే.

అద్దంలోకి చూసింది. కిటికీలోకి చూసింది. మళ్ళీ అద్దంలోకి. అప్పుడు గుర్తొచ్చింది, ఇస్త్రీ కొట్టు వాడి పేరు పలక. మొగుడు దానికి అక్షరాలు పోస్తే అన్నీ తిరగబడి వచ్చాయి. అచ్చులో దేన్నయినా తిప్పి చెక్కాలి, అతను కంటికి కనబడినట్టే చెక్కేసేవాడు. "అద్దంలో చదువుకోవయ్యా" అని ఇస్త్రీవాడు పలక వీధిలో పెట్టి నవ్వించాడు. అద్దం మేస్త్రీ అన్న పేరు అలా అంటుకుంది.

"అక్కా, ఇలా రా. ఈ అద్దంలో నవ్వు."

"నాకేం పిచ్చా?"

"నవ్వవే తల్లీ!"

పెద్దకోడలు నవ్వింది. సొట్ట అవతలి పక్కన పడింది. కిటికీకేసి చూసింది, అద్దంకేసి చూసింది. ఆవిడకీ ఇస్త్రీ కొట్టు గుర్తొచ్చినట్టుంది, నవ్వు మెల్లగా దిగిపోయింది.

"ఈ మనిషికి ఎడమేదో కుడేదో పోయేదాకా తెలియలేదు" అంది చిన్నకోడలు. "'నీదేనే' అని ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"అమ్మా, కొనేదేమైనా ఉందా?" అన్నాడు దుకాణదారు.

"ఉండవయ్యా, ఇక్కడ మొహం ఎవరిదో తేలుతోంది" అని పెద్దకోడలు కసిరి, కిటికీలోంచి మెడ చాచి ఆ మొహాన్నే పరికించింది. "సరే, సొట్ట నీదే ఒప్పుకున్నా. ముక్కు మాత్రం నాదే."

చిన్నకోడలు బుగ్గ తుడుచుకోబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. గబగబా మళ్ళీ కిటికీ దగ్గరకి వచ్చింది.